శబరి దాటితే ఆదివాసీ కాదట

ఖమ్మం మిరప చేలకు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి ఆదివాసీ కూలీలు రావడం కొత్తేమీ కాదు. కోతలప్పుడు వచ్చి, నాలుగు డబ్బులు మూటగట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. 2005 తర్వాత వచ్చినవాళ్ళలో చాలామంది వెనక్కి పోలేదు. పోవడానికి ఊళ్ళు మిగల్లేదు.

ఆ ఏడాది జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం అనే మావోయిస్టు వ్యతిరేక ఉద్యమం మొదలైంది. మావోయిస్టుల మీద జనమే తిరగబడ్డారని ప్రభుత్వం చెప్పుకుంది. జరిగింది మాత్రం ఊళ్ళు తగలబెట్టడం, జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తోలడం. శిబిరంలో చేరితే మావోయిస్టులకు శత్రువు, అడవిలో ఉండిపోతే జుడుంకు శత్రువు. 600కు పైగా ఊళ్ళు ఖాళీ అయ్యాయని అంచనా. అక్కడి కొంట వైపు నుంచి అప్పటి ఖమ్మం జిల్లా చింతూరుకు, బీజాపూర్ వైపు నుంచి చర్లకు పిల్లల్ని చంకనేసుకుని నడిచి వచ్చారు.

ఇక్కడ వాళ్ళను గుత్తికోయలంటారు. వాళ్ళనే అడిగితే మురియా అనో దొర్ల అనో చెబుతారు. మన ఎస్టీ జాబితాలో కోయల కింద ‘గుట్ట కోయ’ అన్న పేరు ఉంది కూడా. అయినా సర్టిఫికెట్ రాదు. రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం ఎస్టీల జాబితా రాష్ట్రానికొకటి. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయిలో పెరిగిన ఒక విద్యార్థి కేసులో 1990లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది: ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవాడు ఇంకో రాష్ట్రానికి వలస పోతే అక్కడా ఎస్టీ కాబోడు. ఉద్యోగానికి రైలెక్కినవాళ్ళ విషయంలో ఆ రూలుకు అర్థముందేమో. ఇల్లు కాలిపోయి శబరి నది దాటినవాడికీ అదే రూలు!

శరణార్థి అనిపించుకోవాలన్నా దేశం సరిహద్దు దాటాలి. వీళ్ళు దాటింది రాష్ట్రం సరిహద్దే. సొంత దేశంలోనే నిర్వాసితులైనవాళ్ళ కోసం ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు తెచ్చింది. భూమినే నమ్ముకుని బతికే ఆదివాసులను, మైనారిటీలను నిర్వాసితులు కాకుండా కాపాడే బాధ్యత ప్రభుత్వాలదేనని తొమ్మిదో సూత్రం చెబుతుంది. కానీ అవి సూత్రాలే, చట్టం కాదు. అడవిలో ఫారెస్టు సిబ్బందికి చూపిస్తే ఎవరూ పట్టించుకోరు.

అక్కడ పనికొచ్చేది 2006 అటవీ హక్కుల చట్టం. దాని కింద పోడుకు, అంటే అడవి కొట్టి చేసుకునే సాగుకు, పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13కు ముందే ఆ భూమి సాగులో ఉండాలి. జుడుం మొదలైంది ఆ జూన్‌లో. అంటే మొదటి ఆరు నెలల్లోనే పారిపోయి వచ్చి, అడవి కొట్టి, దున్ని ఉండాలన్నమాట. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా కాగితం మీద ఆక్రమణదారులే.

అందుకే ఆ గూడేలు అలా ఉంటాయి. కర్రలు పాతి, పైన టార్పాలిన్ కప్పిన పాకలు. వాగు ఇసుకలో తోడిన చెలమే మంచినీళ్ళు. పక్కన కాస్త పోడు. ఏదో ఒక రోజు జేసీబీ వస్తుంది, చేను చుట్టూ కందకం తవ్వుతుంది, ఒక్కోసారి పాకలూ పోతాయి. జనం ఇంకాస్త లోపలికి జరిగి మళ్ళీ కర్రలు పాతుకుంటారు.

2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్‌ల సుప్రీంకోర్టు బెంచ్ మావోయిస్టుల మీదికి ఆదివాసీ యువకులను స్పెషల్ పోలీసులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. అది మంచి తీర్పే. కానీ చర్ల అడవిలో కూర్చున్నవాడికి దాంతో ఊరూ రాలేదు, పట్టా రాలేదు. 2014లో పోలవరం కోసం చింతూరు సహా ముంపు మండలాలను ఆంధ్రలో కలిపారు. అక్కడి గుత్తికోయలు కాలు కదపకుండానే ఇంకో రాష్ట్రంలో తేలారు.

2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ హత్యకు గురయ్యారు. ఘోరమే. ఆ కేసులో ఇద్దరు గుత్తికోయలకు యావజ్జీవ శిక్ష పడింది. అయితే కోర్టు సంగతి తేలకముందే ఆ మండలంలోని బెండాలపాడు గ్రామసభ తీర్మానం చేసేసింది: గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని.