నల్లగొండ నీళ్లు: ఆధారం దొరికాక డెబ్బై ఏళ్లు

మా పెద్దమ్మ ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పేది కాదు. తిప్పలేదు. మనిషి మొత్తం తిరగాల్సిందే. చేతిలో బిందె ఉంటే ముందు దాన్ని కింద పెట్టి, గోడ పట్టుకుని, పాదాలు కొంచెం కొంచెంగా జరుపుకుంటూ తిరిగేది. తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల యాభై దాటకముందే ఆమె వెన్ను కర్రలా బిగిసిపోయింది. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు ఊళ్లు ఎరిగినవాళ్లకు ఈ నడక కొత్త కాదు. ఆమె చెప్పిన ఒక మాట మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు. పట్నం నుంచి డాక్టర్లు వచ్చారనీ, ఎముకల ఫొటోలు తీశారనీ, సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారనీ, మళ్లీ ఎవరూ రాలేదనీ అనేది.

పట్టుకుపోయిన ఆ నీళ్లు, ఆ ఫొటోలు ఏమయ్యాయి? పరిశోధనలు అయ్యాయి. అవి విధానంగా మారడానికి ఎందుకంత కాలం పట్టింది? ఆరోగ్య అధికారులకు, పరిశోధకులకు కలిపి శిక్షణ ఇవ్వాలనే మాట ఈ మధ్య గట్టిగా వినిపిస్తోంది. ఆధారాన్ని విధానంగా మార్చడం దానంతట అదే జరగదని, అది నేర్చుకోవాల్సిన పని అని ఆ మాట సారాంశం. దాని అవసరం ఎంతో తెలియాలంటే నల్లగొండ నీళ్ల కథను మొదటి నుంచి చూడాలి.

మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బును వైద్యులు మొదట గుర్తించి రాసింది 1937లో. అప్పటి మద్రాసు రాష్ట్రంలో, తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన దర్శి, పొదిలి ప్రాంతంలో. దుక్కిటెద్దులు బిగుసుకుపోయి నడవలేకపోవడం రైతులే ముందు గమనించారని చెబుతారు. నిజాం రాజ్యంలో నల్లగొండ సంగతి 1945లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో అచ్చయింది. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా పేరుతోనే ఒక వ్యాసం వచ్చింది. అంటే దేశానికి స్వాతంత్ర్యం రాకముందే ఇక్కడి జబ్బు తెలుసు, కారణమూ తెలుసు. ఇక్కడి నేలంతా గ్రానైటు. ఆ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచేకొద్దీ అది పెరుగుతుంది.

ఆ తర్వాత మనం చేసిందేమిటి? ఇంకా లోతుకు బోర్లు వేసుకుంటూ పోయాం.

ఇందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. చేదబావులతో కలరా, దిగుడు బావులతో నారికురుపు (ఒంట్లోంచి పొడుగాటి పురుగు బయటికి వచ్చే జబ్బు) వచ్చేవి. బోరింగు నీళ్లలో క్రిములు బాగా తక్కువ కాబట్టి ఊరూరా బోరింగులు వేశారు. క్రిముల విషయంలో అది సరైన ఆధారమే. నారికురుపు మీద 1983-84లో జాతీయ కార్యక్రమం మొదలైంది. ఆ జబ్బు ఉన్న రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. 1996లో దేశంలో చివరి కేసు, 2000లో నిర్మూలన ధ్రువీకరణ. పదిహేడేళ్లలో పని పూర్తయింది. అక్కడ చెప్పాల్సింది సూటిగా ఉండేది: నీళ్లు గుడ్డతో వడకట్టండి, దిగుడు బావిలోకి కాళ్లు పెట్టి దిగకండి. చేయాల్సింది ఎవరో కూడా స్పష్టంగా ఉండేది. కానీ బోరింగు ఎక్కడ వేయాలో నిర్ణయించే బల్ల మీద క్రిముల కాగితం ఒక్కటే ఉండి, 1945 నాటి ఫ్లోరైడ్ కాగితం లేకపోతే ఏమవుతుంది? ఒక జబ్బును తప్పించబోయి ఇంకో జబ్బుకు దారి తీస్తాం. మా జిల్లాలో అదే జరిగిందని నా అభిప్రాయం. ఉన్న ఆధారాలన్నిటినీ ఒకచోట చేర్చి చూడటం ఈ శిక్షణలో మొదటి పాఠం కావడం అందుకే నాకు సబబుగా అనిపిస్తుంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి, 1958లో ఇక్కడికి వచ్చింది. నల్లగొండ నుంచి అక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి పని చూసుకుని తిరిగి రావచ్చు. 1970ల మొదట్లో ఆ సంస్థ శాస్త్రవేత్తలు ఇక్కడి పిల్లల్లో కొత్త సమస్య చూశారు. మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకునేలా లోపలికి వంగి, పాదాలు దూరంగా పడుతున్నాయి. జొన్న ఎక్కువగా తినే ఇళ్లలో ఇది కనిపించింది. నాగార్జునసాగర్ వచ్చాక భూమిలో నీటిమట్టం పెరిగి నేల గుణం మారిందనీ, జొన్నలో మాలిబ్డినం అనే లోహం పెరిగిందనీ, ఫ్లోరైడ్‌తో కలిసి అది ఎముకలను దెబ్బతీస్తోందనీ వాళ్లు అనుమానించారు. ఈ పిల్లల సంగతి 1973లోనే లాన్సెట్‌లో వచ్చింది. ప్రపంచంలో పేరున్న పత్రిక అది. కానీ జిల్లాలో నీటి పథకం ఫైలు రాసే ఇంజినీరు లాన్సెట్ చదవడు. చదవాలని అడగడమూ న్యాయం కాదు. శాస్త్రవేత్త ఉద్యోగం వ్యాసం అచ్చవడంతో ముగుస్తుంది, ఇంజినీరు ఉద్యోగం అంచనాల ఫైలుతో మొదలవుతుంది. ఆ మధ్య దూరం ఎవరి ఉద్యోగమూ కాలేదు.

ఇదే కాలంలో మా ఊరి పేరు దేశాలు దాటింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటి తయారుచేసి దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. వస్తువులు మామూలువే: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. బకెట్ నీళ్లలో ఇవి వేసి, ముందు జోరుగా, తర్వాత నెమ్మదిగా కలపాలి. దూది పింజల్లాంటి తెట్టు కడుతుంది. గంటసేపు కదపకుండా వదిలేస్తే అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీళ్లు తాగాలి. టాంజానియా, ఇథియోపియా దాకా ఈ పద్ధతి వెళ్లింది.

మా ఇళ్లలో మాత్రం నిలవలేదు. ఎందుకో తెలియాలంటే ఒక్క పూట ఆ బకెట్ ముందు కూర్చోవాలి. పటిక ఎంత వేయాలన్నది నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉంది, ఎంత క్షారగుణం ఉంది అన్నదాన్ని బట్టి మారుతుంది. ఈ బోరుకు సరిపోయింది పక్క బోరుకు సరిపోదు. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే నీళ్లు వగరు, అందులో అల్యూమినియం మిగులుతుంది. అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలి? కూలికి పొద్దున్నే వెళ్లే ఆడమనిషి రోజూ కొలిచి, కలిపి, గంటసేపు ఆగే తీరిక ఎక్కడ? ప్రయోగశాలలో అది పనిచేస్తుందన్నది నిజమే. ఇంట్లో రోజూ ఎవరు చేస్తారన్న ప్రశ్న ముందే అడిగి ఉండాల్సింది. విధాన శిక్షణలో ఇప్పుడు అమలు గురించి ప్రత్యేకంగా నేర్పుతారు. ఎవరు చేయాలి, రోజుకు ఎంత సమయం, చెడిపోతే ఎవరు బాగుచేయాలి అని. అది నాకు అన్నిటికంటే విలువైన భాగం.

కడుపు మండిన జనం తమ ఆధారాన్ని తామే బల్ల మీద పెట్టారు. 1996లో, నీళ్ల కోసం పోరాడుతున్న జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. దేశమంతా మాట్లాడుకుంది. అదే సంవత్సరం చట్టం మారింది: లోక్‌సభకు పోటీ చేసే జనరల్ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. నీళ్లకు మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ప్రపంచంలో ఈ దూరం గురించి గట్టిగా ఆలోచించడం కూడా కొత్తదే. 2004లో మెక్సికో నగరంలో ఆరోగ్య మంత్రుల సమావేశం జరిగింది. తెలిసినదానికీ చేసినదానికీ మధ్య ఉన్న అంతరాన్ని తగ్గించాలని అక్కడ తీర్మానించారు. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘ఎవిప్‌నెట్’ పేరుతో దేశాల మధ్య ఒక వేదిక ఏర్పాటు చేసింది. పరిశోధకులను, అధికారులను ఒకే గదిలో కూర్చోబెట్టి, సమస్య మీద చిన్న పత్రం రాయించి, చర్చ పెట్టించడం దాని పని. కెనడాలో ఇంకో పద్ధతి వాడుకలోకి వచ్చింది: ఏ పరిశోధనైనా ముందు ఒక పేజీలో ముఖ్యాంశాలు, తర్వాత మూడు పేజీల్లో సారాంశం, చివరికి 25 పేజీల్లో వివరం. మన దేశంలో 2006లో పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్, 2007లో కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం వచ్చాయి. 2008లో హైదరాబాద్‌లో ప్రజారోగ్య సంస్థ మొదలైంది.

అధికారులకు నేర్పాల్సింది కూడా తక్కువేం కాదు. పక్కన మహబూబ్‌నగర్‌ను చూడండి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అదొకటి. మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. 2008 మధ్యకల్లా రాష్ట్రమంతా విస్తరించారు. మొదటి మూడు జిల్లాల్లో పేదల చేతి ఖర్చు ఎంత తగ్గిందో నింపాదిగా కొలిచి, అప్పుడు మిగతా జిల్లాలకు వెళ్లే వీలుండేది. విడతల మధ్య తేడాను వాడుకుని పరిశోధకులు తర్వాత ఆ లెక్కలు తీశారు. ఆ లెక్క ముందే కావాలని అడగడం అధికారికి తెలిసి ఉండాలి.

దొరికిన ప్రతి ఆధారమూ వెంటనే పథకం కాకూడదు, అదీ నేర్పాలి. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువ పోతుందని పోషకాహార సంస్థ వాళ్లు 2002లో చూపారు. పచ్చిపులుసు లేనిదే ముద్ద దిగని మాకు అది సంతోషం కలిగించే మాట. కానీ ఆ పరీక్ష కొద్దిమంది బడిపిల్లల మీద చేసింది. దాన్ని పట్టుకుని నీళ్ల పథకం పక్కన పెడితే ఘోరం జరిగేది.

చివరికి పని జరిగింది. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచింది. 2016లో పథకం ప్రారంభమై, ఆ తర్వాత కృష్ణా నీళ్లు పైపుల్లో ఇళ్లకు వచ్చాయి. 2020లో కేంద్రం తన లెక్కల్లో తెలంగాణలో ఫ్లోరైడ్ ఆవాసాలు లేవని చూపింది. ఇది చిన్న విజయం కాదు, మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. అయితే ఆ లెక్క నీళ్లు చేరిన ఆవాసాలది. ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారో అది చెప్పదు. మోటారు కాలిన వారం, పైపు పగిలిన నెల, పొలం దగ్గర పని చేసే రోజున మళ్లీ బోరు నీళ్లే కదా.

దీన్ని కొలిచే మార్గం మా బళ్లలోనే ఉంది. పాలపళ్లు ఊడాక వచ్చే ముందు వరస పళ్ల పింగాణీ, బిడ్డ పుట్టిన మొదటి మూడు నాలుగేళ్లలో తయారవుతుంది. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వయసులో ఆ పళ్లు బయటికి వస్తాయి. పసితనంలో తాగిన నీళ్ల చరిత్ర వాటి మీద గారగా రాసి ఉంటుంది. భగీరథ వచ్చాక పుట్టిన పిల్లలు ఇప్పుడు ఆ వయసుకు వచ్చారు. గార పళ్లను స్థాయిల వారీగా లెక్కించే పద్ధతి 1930ల నుంచే ఉంది. కావాల్సింది మంచి వెలుతురు, తర్ఫీదు పొందిన కన్ను. బడిపిల్లల ఆరోగ్యం చూసే బృందాలు ఎలాగూ బడికి వెళ్తున్నాయి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, వాటిలో కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలున్నాయి. ఒక పీజీ విద్యార్థికి థీసిస్‌గా ఈ పని ఇచ్చి, ఫలితాన్ని ఒక్క పేజీ తెలుగులో రాయించి, గ్రామీణ నీటి సరఫరా ఇంజినీరుతో, జిల్లా వైద్యాధికారితో కూర్చోబెట్టి చర్చ పెట్టవచ్చు. ఆ చర్చకు మర్రిగూడ నుంచి కూడా ఇద్దరిని పిలవాలి. పళ్లు చూపించిన పిల్లల తల్లులను.