స్లడ్జ్ ఈటీపీలో పుట్టదు

హైదరాబాద్ బాలానగర్ వైపు ప్లేటింగ్ యూనిట్ల (లోహపు వస్తువులకు నికెల్, క్రోమియం పూత వేసే షాపుల) వాళ్ళు కాలుష్య నియంత్రణ మండలి నోటీసు రాగానే నన్ను అడిగేది ఒకటే. "సార్, ఈటీపీ పెద్దది కట్టిస్తే సరిపోతదా?" ఈటీపీ అంటే షాపులోంచి వచ్చే మురుగునీళ్ళను శుద్ధి చేసే ప్లాంటు. అడిగే గొంతులోనే టెన్షన్ తెలిసిపోతుంది. షాపు మూయిస్తారేమోనని భయం. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. పెద్ద ఈటీపీ అమ్మడానికి తిరిగేవాళ్ళు చెప్పే మాటల మీదే నా కోపం.

అపోహ: ఈటీపీ పెద్దదైతే ప్రమాదకర వ్యర్థం తగ్గుతుంది.

వాస్తవం: ఈటీపీ దేన్నీ మాయం చేయదు. నీళ్ళలో ఉన్న నికెల్, క్రోమియాలను బురదగా (అదే స్లడ్జ్) మార్చి పక్కన పెడుతుంది, అంతే. అవి నీళ్ళలోకి వచ్చింది బాత్‌లోంచే, అంటే పూత వేసే ద్రావణం ఉన్న ట్యాంకులోంచే. వస్తువులు తగిలించిన ర్యాక్‌ను పైకి తీసి, కారనివ్వకుండా రిన్స్‌లో (కడిగే నీళ్ళ ట్యాంకులో) ముంచేస్తారు. అంటే డబ్బు పెట్టి కొన్న కెమికల్‌నే కడిగేస్తున్నారు. దాన్ని బురద చేయడానికి మళ్ళీ మెటాబైసల్ఫైట్, సున్నం కొంటారు. ఆ బురదను దుండిగల్‌లోని టీఎస్‌డీఎఫ్‌కు (ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి పూడ్చే కేంద్రానికి) పంపడానికి బరువు లెక్కన ఇంకోసారి కడతారు.

కొత్తలో నేనూ ఒక షాపులో సున్నం పెంచమన్నాను. పీహెచ్ కుదిరింది, స్లడ్జ్ బస్తాలు మాత్రం పెరిగాయి. అక్కడి హెల్పర్ పెద్దాయన నవ్వి, "తడిసిన గొడుగు వాకిట్ల దులపకుండ ఇంట్లకు తెస్తున్నం సార్" అన్నాడు. మర్నాటికి బాత్ మీద అడ్డంగా ఒక పైపు కట్టాడు, ర్యాక్ తగిలించి పది లెక్కపెట్టడానికి. అప్పటి నుంచి ఏ షాపుకెళ్ళినా ముందు చూసేది ఆ పైపు ఉందా లేదా అనే.

ఆ తర్వాతి పని, మొదటి రిన్స్‌ను పారనివ్వకుండా నిలవ ట్యాంకుగా ఉంచడం. నికెల్ బాత్ 50-60 డిగ్రీల వేడిలో ఉంటుంది కాబట్టి నీళ్ళు ఆవిరవుతూనే ఉంటాయి. ఆ లోటును నిలవ ట్యాంకు నీళ్ళతో పూడ్చండి. మిగతా రిన్స్‌లలో మంచినీళ్ళు చివరి ట్యాంకులో పడి, అక్కడి నుంచి దాని ముందున్న ట్యాంకుల వైపు పారాలి. ఇక్కడ ఒక చిక్కుంది. తిరిగొచ్చే నీళ్ళతో మలినాలూ వస్తాయి. ఫిల్టర్, కార్బన్ ట్రీట్‌మెంట్ మానేస్తే ప్లేటింగ్ మీద మచ్చలు పడి, ఆ తిట్లు నాకు తగులుతాయి.

మిగతావి చకచకా చెప్తాను. బోరు నీళ్ళు కలిపితే క్రోమియం నీళ్ళ పసుపు రంగు పలచబడుతుంది గానీ క్రోమియం ఎక్కడికీ పోదు. ఎండిన స్లడ్జ్ మట్టిలా ఉందని గుంతలు పూడ్చకండి. కెమికల్ అంటిన ఖాళీ డ్రమ్ములూ ప్రమాదకర వ్యర్థమే. చిన్న యూనిట్ అయినా ప్రమాదకర వ్యర్థాల 2016 నిబంధనల కింద మండలి ఆథరైజేషన్ (అనుమతి) తప్పదు. ఈ వ్యర్థాన్ని 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. ఏడాదికి 10 టన్నుల లోపు వాళ్ళకు మండలి 180 రోజుల దాకా పొడిగించవచ్చు, దరఖాస్తు పెట్టుకుంటే.