రెండు, మూడు, ఇరవై సెంట్ల బిళ్ళలు: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలందరికీ ఆశీస్సులు.

అమెరికా చిల్లర అంటే మీకు తెలిసినవి ఒకటి, అయిదు, పది, ఇరవై అయిదు సెంట్లు. అదే దేశంలో ఒకప్పుడు అర సెంటు, రెండు సెంట్లు, మూడు సెంట్లు, ఇరవై సెంట్లు, బంగారంలో మూడు డాలర్ల నాణెం కూడా చెల్లాయి. ఇవేవీ సరదాకి వేసినవి కావు. ఒక్కోదాని వెనుక ఒక చిక్కు ఉంది: చిల్లర దొరక్కపోవడమో, తపాలా రేటు మారడమో, వెండి ప్రియం కావడమో. ఆ చిక్కు తెలిస్తే బిళ్ళ ఎందుకంత పలచగా ఉందో, ఎందుకు అంత త్వరగా ఆగిపోయిందో, అసలుదాన్ని ఎలా పోల్చుకోవాలో మీకే అర్థమవుతుంది. అందుకే ధరల పట్టిక జోలికి పోకుండా ఆ సంగతులే ముందు రాస్తున్నాను.

వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది మూడు సెంట్ల వెండి బిళ్ళ. 1851లో అమెరికా ఉత్తరం రేటును అయిదు సెంట్ల నుంచి మూడుకు దించింది. స్టాంపు కొనేవాళ్ళ జేబులో ఉన్నవేమో ఒక్కోటి దాదాపు 11 గ్రాములు తూగే రాగి సెంట్లు. సరిగ్గా ఆ రోజుల్లోనే కాలిఫోర్నియా బంగారం వచ్చిపడి, బంగారంతో పోలిస్తే వెండి ప్రియమైంది. వెండి నాణెం మీద రాసిన విలువ కంటే అందులోని వెండే ఎక్కువ పలికేసరికి జనం వాటిని దాచుకున్నారు, వ్యాపారులు కరిగించి ఎగుమతి చేశారు. అందుకని టంకశాల ఈ కొత్త బిళ్ళను కావాలనే మూడు పాళ్ళు వెండి, ఒక పాలు రాగి కలిపి చేసింది. కరిగిస్తే నష్టమే కాబట్టి ఎవరూ కరిగించలేదు. అది బజారులోనే తిరిగింది. తూకం 0.80 గ్రాము, అడ్డకొలత 14 మిల్లీమీటర్లు. అమెరికా వాడకంలోకి తెచ్చిన వెండి నాణేల్లో ఈ మూడు సెంట్ల బిళ్ళకన్నా తేలికైన రకం లేదు. జనం దాన్ని చేప పొలుసు అనేవాళ్ళు.

1853లో మిగతా వెండి చిల్లర బరువు కూడా తగ్గించారు. ఇక దీన్ని వేరుగా ఉంచే అవసరం పోయింది. 1854 నుంచి వెండిని 90 శాతానికి పెంచి, తూకాన్ని 0.75 గ్రాముకు దించారు. ఈ మార్పు బిళ్ళ మీదే కనిపిస్తుంది. బొమ్మ వైపు నక్షత్రం చూడండి: 1851 నుంచి 1853 వరకు దాని చుట్టూ గీతలుండవు, 1854 నుంచి 1858 వరకు మూడు గీతలు, 1859 నుంచి 1873 వరకు రెండు. బొరుసు వైపు రోమన్ మూడు అంకె పైన ఆలివ్ కొమ్మ, కింద బాణాల కట్ట 1854లోనే చేరాయి. ఈ మూడు రకాలకూ ఒక్కోటి చొప్పున దొరికితే ఆ కాలపు వెండి కథ మీ అరచేతిలో ఉన్నట్టే.

మూడు గీతల రకం కొనేటప్పుడు తొందరపడకండి. అది అచ్చు సరిగ్గా పడని రకం. అంచు దగ్గర అక్షరాలు, తేదీ అంకెలు మసకగా ఉంటే అరిగిపోయిందని కొత్తవాళ్ళు పొరబడతారు. బిళ్ళను దీపం కింద నెమ్మదిగా వాల్చి చూడండి. అరిగిన చోట ఎత్తయిన భాగాలు నున్నగా, చప్పగా ఉంటాయి. అచ్చు పడని చోట గీతలు లేకపోయినా లోహం మీద మొదటి మెరుపు మిగిలే ఉంటుంది. ఇంకో సంగతి: ఇవి పలచన కాబట్టి వంగినవి, చిల్లు పడ్డవి ఎక్కువ. చాలావాటిని నగల్లో వాడారు. బొరుసు వైపు టంకం మచ్చ, పూడ్చిన చిల్లు ఉన్నాయేమో పది రెట్ల భూతద్దంతో వెతకండి. పూడ్చిన చోట చుట్టూ సన్నటి వలయం, పక్కనున్న గీతలు ఒక్కసారిగా తెగిపోవడం కనిపిస్తాయి.

రెండు సెంట్ల బిళ్ళ అంతర్యుద్ధం నాటిది. 1862లో బంగారం, వెండే కాదు, ఒక్క సెంటు బిళ్ళలు కూడా బజారులో కనపడకుండా పోయాయి. జనం తపాలా స్టాంపులనే చిల్లరగా వాడారు. ఆ కరువు తీర్చడానికి 1864లో కంచుతో రెండు సెంట్లు వేశారు: 6.22 గ్రాములు, 23 మిల్లీమీటర్లు, నున్నటి అంచు. "ఇన్ గాడ్ వి ట్రస్ట్" (దేవుణ్ణి నమ్ముతాం) అన్న మాటలు మొట్టమొదట ఎక్కింది ఈ నాణెం మీదే. మొదటి ఏడు దాదాపు 2 కోట్లు వేసిన ఈ బిళ్ళను 1872లో 65,000 మాత్రమే వేశారు. 1873లో సేకర్తల కోసం ప్రత్యేకంగా అచ్చువేసిన ప్రూఫ్ నాణేలతో సరిపెట్టి, ఆ ఏటి చట్టంతో పూర్తిగా ఆపేశారు.

ఎంత అరిగిందో చెప్పడానికి ఈ బిళ్ళ చక్కటి పాఠం. ఆ నాలుగు మాటలూ ఉన్న రిబ్బను మీద "వి" అన్న మాట అన్నిటికన్నా ముందు అరుగుతుంది. అది దిట్టంగా నిలిచి ఉంటే మంచి స్థితి. బలహీనంగా ఉన్నా మాటలన్నీ చదవగలిగితే మధ్యస్థం. "ఇన్ గాడ్" మాత్రమే మిగిలితే అట్టడుగు. 1864లో చిన్న అక్షరాల రకం, పెద్ద అక్షరాల రకం అని రెండున్నాయి, చిన్నది అరుదు. "ట్రస్ట్" మాటలోని మొదటి అక్షరం ఎడమవైపు రిబ్బను మడతకు దాదాపు ఆనుకుని, ఆకుకు తొడిమ స్పష్టంగా కనిపిస్తే అది చిన్న అక్షరాలది. మడతకూ అక్షరానికీ మధ్య ఒక మిల్లీమీటరు ఎడం ఉండి, తొడిమ లేకపోతే పెద్దది. ఈ బిళ్ళలన్నీ ఫిలడెల్ఫియాలోనే వేశారు. టంకశాల గుర్తు, అంటే వేరే ఊరి టంకశాలలో వేసిందని చెప్పే అక్షరం, ఉన్న రెండు సెంట్లు ఎవరైనా చూపిస్తే పక్కన పెట్టేయండి.

మూడు సెంట్ల నికెల్ బిళ్ళ 1865 నుంచి 1889 వరకు వచ్చింది. మూడు సెంట్ల కాగితపు నోట్లను వెనక్కి తీసుకోవడానికి దీన్ని తెచ్చారు. 1883లో ఉత్తరం రేటు రెండు సెంట్లకు దిగాక దీని పని అయిపోయింది. నాలుగింట మూడు వంతులు రాగి కాబట్టి పేరు నికెల్ అయినా అయస్కాంతానికి అంటుకోదు. అంటుకుంటే నకిలీ. తొలి ఏళ్ళవి చవకగా దొరుకుతాయి.

ఇక ఇరవై సెంట్లు. ఇది మరీ చిత్రమైన కథ. పశ్చిమ రాష్ట్రాల్లో చిన్న సరుకుల ధర "బిట్"లలో చెప్పేవాళ్ళు. ఒక బిట్ అంటే డాలరులో ఎనిమిదో వంతు, పన్నెండున్నర సెంట్లు. అంత విలువకు నాణెమే లేదు. ఒక బిట్ సరుకుకు క్వార్టర్, అంటే ఇరవై అయిదు సెంట్ల బిళ్ళ, ఇస్తే దుకాణంవాడు పది సెంట్లే తిరిగి ఇచ్చేవాడు. రెండున్నర సెంట్లు కొన్నవాడికి నష్టం. ఇరవై సెంట్ల బిళ్ళ ఉంటే అది ఇచ్చి పది తిరిగి తీసుకోవచ్చన్నది వాదన. నెవాడా సెనేటర్ జాన్ పి. జోన్స్ పట్టుబట్టి 1875లో చట్టం చేయించారు. నెవాడా అంటే వెండి గనుల రాష్ట్రం, ఆ పట్టుదలలో అదీ ఉంది.

నాణెం వచ్చీ రాగానే గొడవ. బొమ్మ వైపు డాలు పట్టుకుని కూర్చున్న లిబర్టీ, అంటే స్వేచ్ఛకు గుర్తయిన స్త్రీ, బొరుసు వైపు గద్ద. అటు క్వార్టర్ మీదా అవే. ఇది 22 మిల్లీమీటర్లు, 5 గ్రాములు, క్వార్టర్ 24.3 మిల్లీమీటర్లు, 6.25 గ్రాములు. హడావిడిగా చిల్లర ఇచ్చే చేతికి ఆ తేడా ఏం తెలుస్తుంది? అంచు మాత్రం దీనికి నున్నగా, క్వార్టర్‌కు గీతలతో ఉంటుంది. 1877, 1878లలో సేకర్తల ప్రూఫ్ నాణేలు తప్ప వాడకానికి వేయలేదు. 1878లో చట్టమే రద్దయింది. మన దగ్గర 1964లో వచ్చిన మూడు పైసల అల్యూమినియం బిళ్ళకు ఆరు మూలలుండేవి కాబట్టి తడిమి చూసినా తెలిసేది. ఇరవై సెంట్లకు ఆ జాగ్రత్త చాల్లేదు.

దీని అరుగుదల చూసేటప్పుడు మిగతా లిబర్టీ నాణేల లెక్క వాడకండి. వాటి డాలు మీద "లిబర్టీ" అక్షరాలు లోపలికి తొలిచి ఉంటాయి. దీని మీద పైకి ఉబికి ఉంటాయి. ఉబికినవి త్వరగా చెరిగిపోతాయి. కాబట్టి ఆ మాట దాదాపు కనిపించకపోయినా మిగతా బొమ్మ బాగుంటే బిళ్ళను తీసిపారేయనక్కర్లేదు. మీరు కొనదగ్గది 1875 శాన్ ఫ్రాన్సిస్కో బిళ్ళ. అవి 11 లక్షలకు పైగా వేశారు. గద్ద కింద ఎస్ అక్షరం ఉంటుంది. 1876 కార్సన్ సిటీ బిళ్ళలు 10,000 వేసి చాలామటుకు కరిగించేశారు. మిగిలినవి ఇరవైకి అటూ ఇటూ మాత్రమే. కాబట్టి మామూలు 1876 బిళ్ళకు సీసీ గుర్తు అతికించి మోసం చేసేవాళ్ళుంటారు. అసలుదానికి డాలు మీద "లిబర్టీ" అక్షరాలు జంటగా అచ్చుపడి కనిపిస్తాయి.

సామాను ఎక్కువ అక్కర్లేదు. 0.01 గ్రాము వరకు చూపే చిన్న తూకం, పది రెట్ల భూతద్దం, ప్లాస్టిక్ కొలబద్ద, అయస్కాంతం చాలు. 0.1 గ్రాము తూకం కొనకండి, 0.80 గ్రాము బిళ్ళకూ 0.75 గ్రాము బిళ్ళకూ తేడా అది చెప్పలేదు. అరిగిన నాణెం తూకం కొంచెం తగ్గడం సహజం, పెరగడం మాత్రం సహజం కాదు. మూడు డాలర్ల బంగారు నాణేలు, 1879, 1880ల నాలుగు డాలర్ల స్టెల్లా నమూనాలు పుస్తకాల్లో చూసి ఆనందించండి. బంగారంలో నకిలీలు ఎక్కువ. కొనాల్సివస్తే నాణేలు పరీక్షించే సంస్థలు పీసీజీఎస్ లేదా ఎన్జీసీ పరీక్షించి మూసిన పెట్టెలో ఉన్నదే కొనాలి, పెట్టె మీది నంబరును వాళ్ళ వెబ్‌సైట్‌లో సరిచూడాలి.

కడగకండి. చింతపండు, నిమ్మరసం, పళ్ళపొడి, బూడిద, ఏదీ వద్దు. రాగి బిళ్ళను తోమితే పైపొర పోయి గులాబీ రంగు తేలుతుంది, వెండి మీద సన్నటి గీతలు పడతాయి. రెండూ మళ్ళీ బాగుపడవు, విలువ సగానికి సగం పోతుంది. మెత్తటి పీవీసీ కవర్లలో ఏళ్ళ తరబడి ఉంచితే ఆకుపచ్చ జిగురు పడుతుంది. వెండి, నికెల్ నాణేలకు అది పట్టితే పెద్దవాళ్ళ చేత, కిటికీలు తెరిచి, మంటకు దూరంగా, గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోయించి, అందులో ముంచి తీయించాలి, రుద్దకూడదు. గోళ్ళరంగు తుడిచే ద్రవంలో రంగు, వాసన కలుపుతారు, అది పనికిరాదు.

నాణేన్ని అంచులతో పట్టుకోండి, కింద మెత్తటి బట్ట పరచుకోండి. మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కిటికీ ఉన్న అట్ట కవర్లు వాడి, స్టేపుల్ పిన్నుల కొనలు పటకారుతో అణచండి, లేకపోతే పక్క బిళ్ళను గీస్తాయి. మూడు సెంట్ల వెండి బిళ్ళకు మాత్రం అట్ట వద్దు, గట్టి ప్లాస్టిక్ గుండ్రటి పెట్టె తీసుకోండి. అట్ట ఒత్తిడికే అది వంగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉన్నవాళ్ళు డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, అది తేమ పీల్చినప్పుడల్లా మార్చాలి.

ముందు 1864 లేదా 1865 రెండు సెంట్లు, తర్వాత మూడు సెంట్ల నికెల్, ఆపైన 1873తో ఆగిపోయిన అయిదు సెంట్ల వెండి బిళ్ళ హాఫ్ డైమ్, ఆ తర్వాత గీతల్లేని నక్షత్రమున్న మూడు సెంట్ల వెండి బిళ్ళ, చివరికి ఇరవై సెంట్లు. ఈ వరసలో వెళితే ఖర్చు మెల్లగా పెరుగుతుంది, మీ కన్నూ పదునెక్కుతుంది. ఒక్కో బిళ్ళకు ఒక కార్డు రాసి పెట్టుకోండి: సంవత్సరం, టంకశాల గుర్తు, మీరు తూచిన బరువు, అడ్డకొలత, ఎక్కడ అరిగింది, ఎవరి దగ్గర ఎంతకు కొన్నారు. రెండు సెంట్ల బిళ్ళ దొరికాక "వి" అన్న మాట ఎంత నిలిచి ఉందో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య