కిడ్నీకి ముల్లంగి రసం: అపోహలు - వాస్తవాలు

అపోహ: రోజూ ముల్లంగి రసం తాగితే క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో రక్తపరీక్షలో చెప్పే అంకె) దిగిపోద్ది.

దిగదు. కిడ్నీ పేషెంట్లకి డైట్ చెప్పడం నా పని, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చేవాళ్లు సగం మంది అడిగేది ఇదే. ముల్లంగి రసం తాగమనే వీడియోల్లో చెప్పేది కిడ్నీలో రాళ్ల గురించి, వీళ్లకున్నది సీకేడీ, అంటే కిడ్నీ మెల్లగా పాడైపోయే దీర్ఘకాలిక జబ్బు, రెండూ ఒకటి కాదు. ముల్లంగి సారంతో ఎలుకల్లో రాళ్లు తగ్గాయని ప్రయోగాలున్నాయి, సరే, దాంతో పాడైన కిడ్నీ ఎలా బాగవుతుంది?

పైగా పచ్చి ముల్లంగి 100 గ్రాముల్లో పొటాషియం సుమారు 230 మిల్లీగ్రాములు. పెద్ద గ్లాసు రసానికి అరకిలో దుంపలు పడతాయి, అందులో పొటాషియం చాలావరకు గ్లాసులోకే దిగుతుంది. బాగున్న కిడ్నీ ఎక్కువైనది బయటికి పంపేస్తుంది, పాడైన కిడ్నీ పంపలేదు, రక్తంలో పేరుకుపోయి గుండె లయ తప్పుతుంది.

కవిటి వైపు జీడితోట రైతు ఒకాయన, కాళ్లు తేలిపోతున్నాయని వచ్చారు. రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా 6 దాటింది, ఈసీజీలో గీతలు మొనదేలి ఉన్నాయి, ఆ రాత్రే డయాలసిస్ పెట్టారు. కోడలు సంచిలోంచి కూల్‌డ్రింక్ సీసా తీసింది, నిండా ముల్లంగి రసం, అందులో కొబ్బరినీళ్లు కూడా కలిపారు, అదీ పొటాషియమే! "మందులు ఏడి చేత్తాయంట కదా మేడమ్, సలవ చేత్తాదని తాగించీసినాం." ఆ అమ్మాయిని ఏమంటాం చెప్పండి? ఉద్దానం జబ్బుకి కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు, నొప్పీ గిప్పీ లేకుండా లోపల్లోపలే కిడ్నీ తినేస్తుంది, భయపడ్డవాళ్లు దొరికిందల్లా తాగుతారు. నా కోపమంతా లైకుల కోసం ఆ వీడియోలు పెట్టేవాళ్ల మీద.

అపోహ: ఘాటు ఎక్కువుంటే మందు గుణం ఎక్కువ.

ముల్లంగి, ఆవాలు, క్యాబేజీ అన్నీ ఒకే కుటుంబం. వీటిలో గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలుంటాయి, కోసినప్పుడో నూరినప్పుడో మైరోసినేజ్ అనే ఎంజైమ్ తగిలి ఐసోథయోసయనేట్లు పుడతాయి, ముక్కుకెక్కే ఘాటు అదే. క్యాన్సర్ కణాల మీద ల్యాబ్‌లో పనిచేస్తాయి, నిజమే, పరిశోధనలు జరుగుతున్నాయి. ల్యాబ్ ప్లేటులో పనిచేసిందల్లా మనిషిలో పనిచేయదు, మందు మానేసి ముల్లంగి పొడి మింగొద్దు.

అపోహ: థైరాయిడ్ ఉంటే క్యాబేజీ ముట్టకూడదు.

ఉడికించి మామూలుగా తింటే ఏం కాదు. థైరాయిడ్ మాత్ర మాత్రం పరగడుపునే.

ఇక "ముల్లంగి సాంబారైనా తినొచ్చా?" అంటారా, ముక్కలు చిన్నగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, నాలుగు ముక్కలు వేసుకోండి. పొటాషియం ఇప్పటికే ఎక్కువుంటే అదీ వద్దు, ముందు రిపోర్ట్ పట్టుకురండి.