అరుగు మీద పెద్దమనిషి

చిరంజీవులు చిన్నారికి, పండుకి తాతయ్య ఆశీస్సులు.

చిన్నారీ, నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. పాట పెట్టుకుంటే స్కిప్పింగ్ 200 దాటుతోంది, పాట లేకపోతే 120కే ఆయాసం వస్తోంది, పాటలో బలం ఉంటుందా అని అడిగావు. వెనక నుంచి పండు "నా పాటకైతే 300!" అని అరవడం కూడా వినిపించింది.

పాటలో బలం ఉండదు అమ్మలూ. ఉంటే నాలుగు పాటలు విని అన్నం మానేద్దుం.

మన ఊరింటి వీధి అరుగు గుర్తుందా? మా నాన్న పొద్దున్నే అక్కడ కూర్చునేవాడు. బాకీ అడగొచ్చినవాడైనా, గట్టు తగాదా మోసుకొచ్చినవాడైనా ముందు ఆయన్ని దాటాలి. "రావోయ్, కూర్చో, మీవైపు వాన పడిందా?" అని కబుర్లలో పెట్టేవాడు. లోపల అమ్మ నిశ్చింతగా వంట చేసుకునేది. నీ ఒళ్లు ఆ ఇల్లనుకో. నువ్వు ఎగురుతుంటే పిక్కలూ ఊపిరీ ఒక్కొక్కటీ ఫిర్యాదు పట్టుకుని బుర్ర దగ్గరికి బయలుదేరతాయి. పాట వాటిని అరుగు మీదే కూర్చోబెడుతుంది. ఫిర్యాదు ఎక్కడికీ పోదు, లోపలికి చేరడం ఆలస్యమవుతుంది. అయితే ఊరు ఊరంతా ఒక్కసారిగా మీద పడితే ఏ పెద్దమనిషి ఆపగలడు? అందుకే ప్రాణం పెట్టి పరిగెత్తేటప్పుడు ఎంత మంచి పాటైనా ఆయాసాన్ని దాచలేదు. మోస్తరు వేగంలోనే దాని పెద్దరికం.

లండన్ బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్టాస్ కరగోర్గిస్ అనే ఆయన ఏళ్ల తరబడి ఇదే చూస్తున్నాడు. నిమిషానికి 120 నుంచి 140 దరువులున్న పాటలు కసరత్తుకి బాగా కుదురుతాయంటాడు. ఆయనకంటే ఎంతో ముందు, 1911లో, లెనార్డ్ ఎయర్స్ అనే అమెరికా ఆయన న్యూయార్క్‌లో ఆరురోజుల సైకిల్ పందెం గురించి రాశాడు. బ్యాండు మోగుతున్నంతసేపూ సైకిళ్లు గంటకు 31 కిలోమీటర్లు దాటాయట, ఆగితే 29కి పడిపోయాయట.

మా నాయనమ్మకి ఈ లెక్కలేవీ తెలియవు. సంక్రాంతి ముందు అరిసెలకి తడి బియ్యం దంచేటప్పుడు ఒకే రోట్లో ఇద్దరు రోకళ్లు వేసేవారు. ఒకరి పోటు పైకి లేస్తుంటే ఇంకొకరిది దిగాలి. "సువ్వి" అని పాట ఎత్తుకుంటే గంటసేపు చెయ్యి ఆగేది కాదు. తొమ్మిదేళ్లప్పుడు నేనూ దంచుతానని మారాం చేసి రోకలి పట్టాను. పాట పాడటానికి సిగ్గేసి నోరు మూసుకున్నాను. నాలుగో పోటుకే రెండు రోకళ్ల పొన్నులు ఠంగుమని కొట్టుకున్నాయి, పిండి నా మొహాన పడింది. ఆ రోజంతా నన్ను 'అరిసె' అనే పిలిచారు.

ఇంతకీ, పాట వింటే ఒంట్లో ఊరే రసాయనాల సంగతి. జోరు పాట వింటే ఒంటికి హుషారెక్కించే అడ్రినలిన్ అనే హార్మోన్ కొంచెం ఎగసి గుండె దరువు పెరుగుతుంది. అంటే అరుగు మీద డప్పు మోగితే వంటింట్లో పొయ్యి ఎగదోసినట్టు. కసరత్తు అయ్యాక నెమ్మదైన పాట పెట్టుకో, పొయ్యి తగ్గుతుంది. మనసుకు నచ్చిన పాట వింటే మాత్రం మెదడులో డోపమైన్ అనే, హాయికి సంబంధించిన రసాయనం ఊరుతుంది. నీ పాట పండుకి పనిచేయనిది, వాడి పాట నీకు పనిచేయనిది ఎక్కువగా ఇందుకే. కాబట్టి వాడి పాటని వెక్కిరించకు. రోడ్డు మీద మాత్రం ఇద్దరూ చెవుల్లో ఏమీ పెట్టుకోకండి. అరుగు మీద పెద్దమనిషి లారీ హారన్‌ని కూడా కబుర్లలో పెట్టేస్తాడు.

ఈ డోపమైన్ సంగతిలో ఒకటి నాకు ఇప్పటికీ వింతే. 2011లో మాంట్రియల్ శాస్త్రవేత్తలు చూసిందేమంటే, పాటలో మనకి బాగా ఇష్టమైన చోటు రాకముందే, అదిగో వస్తోంది అని ఎదురుచూస్తున్నప్పుడే అది ఊరడం మొదలవుతుందట. అరిసె నోట్లో పడకముందే, నూనె వాసనకే!

రేపు సాయంత్రం ఫ్యాన్ ఆపేసి, నీకు ఒళ్లు జలదరించే పాట పెట్టుకుని ముంజేతి వెంట్రుకలు చూడు. అవి నిక్కబొడుచుకునేది ఆ చోటు వచ్చాకనా, రాబోతుండగానా? పండు చేతిని కూడా చూసి నాకు రాయండి.

మీ తాతయ్య