ఫోటో చూసి పేరు పెట్టలేని పురుగు

చర్మంపై ఉన్నట్టుండి ఎర్రని చారలు తేలి బొబ్బలెక్కాయన్న వార్త ఎక్కడ వచ్చినా, పక్కనే నారింజ, నలుపు రంగుల సన్నని పురుగు బొమ్మ ఒకటి ఉంటుంది. దాని కింద ‘పీడరస్ ఫస్కిపెస్’ అన్న శాస్త్రీయ నామం. ఆ పేరు సరైనదే కావచ్చు, కాకపోనూవచ్చు. పీడరస్ ప్రజాతిలో (అంటే దగ్గరి బంధువులైన జాతుల గుంపులో) ఇప్పటికి 600కు పైగా జాతులను వర్ణించారు. వాటిలో చాలావాటిది ఇదే వేషం. తూర్పు ఆఫ్రికాలో ‘నైరోబీ ఈగ’ అని పేరుపడ్డవి ఎగ్జిమియస్, సెబియస్ అనే వేరే జాతులు. అసలు అవి ఈగలే కావు, పెంకుపురుగులు.

ఈ గందరగోళానికి మూలం వర్గీకరణ మొదలైన రోజుల్లోనే ఉంది. 1758లో జీవుల వర్గీకరణకు పునాది వేసిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పొట్టి పైరెక్కలున్న పెంకుపురుగుల్లో చాలావాటిని ‘స్టాఫిలైనస్’ అనే ఒకే ప్రజాతి కింద పెట్టేశాడు. అప్పటికి ఆయన చూసినవి కొద్ది జాతులే కాబట్టి ఆ గంప సరిపోయింది. ఆయన శిష్యుడు ఫాబ్రిషియస్ 1775లో ‘పీడరస్’ను విడదీశాడు. లిన్నేయస్ వర్ణించిన రైపేరియస్ అనే జాతి అందులోకి వచ్చి చేరింది. 1802లో ఫ్రెంచ్ కీటక శాస్త్రజ్ఞుడు లాట్రెయ్ ఈ పొట్టిరెక్కల గుంపును కుటుంబం స్థాయికి పెంచాడు. అదే స్టాఫిలినిడే, వాడుకలో రోవ్ బీటిల్స్. నేడు అందులో 60,000కు పైగా జాతులున్నాయి. పెంకుపురుగుల్లో ఇంతకంటే పెద్ద కుటుంబం లేదు.

మన కథలోని ఫస్కిపెస్ జాతికి 1826లో పేరు పెట్టినవాడు జాన్ కర్టిస్. బ్రిటన్ కీటకాలపై సచిత్ర గ్రంథమాల వెలువరించిన ప్రకృతి శాస్త్రజ్ఞుడాయన. అయితే ఈ పురుగు బ్రిటన్‌కే పరిమితం కాదు. అక్కడి నుంచి మధ్య ఆసియా మీదుగా జపాన్ వరకు, ఆగ్నేయంగా ఆస్ట్రేలియా దాకా విస్తరించింది. ఇంత దూరం పరుచుకున్న జాతికి వేర్వేరు చోట్ల వేర్వేరు పేర్లు పడటం, తరువాత అవన్నీ ఒకటేనని తేల్చాల్సి రావడం కీటక శాస్త్రంలో మామూలే. దీనికీ అదే జరిగింది.

రూపం విషయానికొస్తే, పొడవు ఒక సెంటీమీటరుకు మించదు. నడుస్తున్నప్పుడు చూస్తే చీమేమో అనిపిస్తుంది. తల నల్లన. దాని వెనుక వక్షం గుండ్రంగా, ఎర్ర నారింజ రంగులో మెరుస్తుంది. దాని తరువాత నీలమో పచ్చో తేల్చి చెప్పలేని లోహపు మెరుపుతో, సన్నని గుంటలతో నిండిన పొట్టి పైరెక్కలు. అవి ఉదరాన్ని కప్పవు. బయటికి కనిపించే ఆరు ఉదర ఖండాల్లో మొదటి నాలుగూ మళ్ళీ నారింజ, చివరి రెండూ నలుపు. బెదిరిస్తే ఆ తోకభాగాన్ని తేలులా పైకెత్తుతుంది. చూసేవారికి భయమే కానీ అక్కడ ముల్లేమీ లేదు.

రెక్కలు పొట్టివి కదా అని ఎగరలేదనుకోవద్దు. అసలు రెక్కలు ఆ చిన్న పెంకుల కింద మడతపడి ఉంటాయి. రోవ్ బీటిల్స్ వాటిని మడిచే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. కాఫియస్ అనే మరో ప్రజాతి పురుగులను హైస్పీడ్ కెమెరాలతో చిత్రీకరించిన జపాన్ పరిశోధకులు, కుడి రెక్కకూ ఎడమ రెక్కకూ మడతలు వేర్వేరని 2014లో చూపించారు. పురుగు ఉదరాన్ని అటూ ఇటూ వంచుతూ రెండింటినీ ఒకేసారి లోపలికి నెడుతుంది. ఏది పైకి రావాలన్నది కూడా మార్చుకోగలదు. మన ఫస్కిపెస్ చక్కగా ఎగురుతుంది. దాని దగ్గరి బంధువు లిట్టోరాలిస్ మాత్రం ఎగరలేదు. దాని పైరెక్కలు మరీ కురచ. రంగు మోసం చేసినా ఇలాంటి కొలతలు కొంత దారి చూపుతాయి.

ఈ పురుగుకు వైద్య గ్రంథాల్లో చోటు దక్కింది 20వ శతాబ్దంలోనే. 1912లో బ్రెజిల్‌లో పిరాజా ద సిల్వా చర్మవ్యాధికీ కొలంబైనస్ అనే పీడరస్ జాతికీ ఉన్న సంబంధాన్ని నమోదు చేశాడు. 1953లో ఇటలీలో పవాన్, బో కలిసి ఫస్కిపెస్ నుంచే విషాన్ని వేరుచేసి దానికి పెడెరిన్ అని పేరు పెట్టారు. ఆ విషం నిర్మాణాన్ని తేల్చడానికి రెండున్నర కోట్ల పురుగులను సేకరించాల్సి వచ్చింది! పురుగు కుట్టదు, కరవదు. చర్మంపై నలిగితేనే ఆ ద్రవం బయటపడి మంట పుట్టిస్తుంది.

పోనీ విషాన్ని బట్టి జాతిని పోల్చవచ్చా? అక్కడా చుక్కెదురే. పెడెరిన్‌ను పురుగు తయారు చేయదు. ఆడ పురుగుల్లో నివసించే సూడోమొనాస్ వర్గపు బాక్టీరియా తయారు చేస్తుంది. రూపర్ట్ కెల్నర్ ప్రయోగాలు ఈ దిశను చూపగా, 2002లో యోర్న్ పీల్ ఆ బాక్టీరియా జన్యువులను గుర్తించాడు. విషం తల్లి నుంచి గుడ్లకు చేరుతుంది. తోడేలు సాలీళ్ళు పిల్లపురుగులను తినబోయి వదిలేయడానికి కారణం అదే. విచిత్రమేమిటంటే ఒకే జాతిలోని ఆడ పురుగుల్లో కొన్నింటిలో ఈ బాక్టీరియా ఉండదు. అంటే విషం ఉందా లేదా అన్నది జాతి లక్షణమే కాదు.

ఇక మిగిలింది శరీర నిర్మాణం. మగ పురుగు ఎనిమిదో ఉదర ఖండం అడుగుపలకలోని లోతైన చీలికను, లోపలి జననాంగపు ఆకారాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించాలి. ఆ ఆకారాలు జాతి జాతికీ మారతాయి. చేతికి ఆడ పురుగు మాత్రమే చిక్కితే పని మరింత కష్టం. అలాంటప్పుడు జాగ్రత్తగా రాసేవారు ‘పీడరస్ ప్రజాతికి చెందిన పురుగు’ అని మాత్రమే రాసి ఊరుకుంటారు.