గడ్డకట్టని పాకం: ద్రాక్షకూ పుచ్చకాయకూ తేడా ఎక్కడుంది?

చెన్నై పెరంబూరులో ఉంటున్న ఒక తెలుగు గృహిణి, వేసవి సెలవుల్లో పిల్లల కోసం తాను చేసిన ఒక చిరుతిండి గురించి నాకు ఉత్తరం రాశారు. గింజల్లేని ద్రాక్ష, మామిడి ముక్కలు, పుచ్చకాయ ముక్కలు ఒకే పళ్లెంలో పరిచి ఒకే రాత్రి ఒకే ఫ్రీజర్‌లో పెట్టి, మరునాడు కరిగించిన చాక్లెట్‌లో ముంచి పిల్లలకు ఇచ్చారట. ద్రాక్షను పిల్లలు ఇట్టే కొరికి తిన్నారు, మామిడి దగ్గర కాస్త కష్టపడ్డారు, పుచ్చకాయ ముక్క మాత్రం పలుగురాయిలా పంటికి లొంగలేదు. పైగా దాని మీది చాక్లెట్ పెంకు టోపీలా ఊడి వచ్చింది. "అన్నీ ఒకే చలిలో ఉన్నప్పుడు ఒకటి మెత్తగా, ఒకటి రాయిలా ఎందుకుంటాయి? పుచ్చకాయలో నీళ్లెక్కువ కాబట్టి అని మావారు అంటున్నారు. ద్రాక్షలోనూ ఉన్నవి నీళ్లే కదా?" అని ఆమె ప్రశ్న.

ఆమె సందేహం సరైనది. 100 గ్రాముల పుచ్చకాయలో సుమారు 91 గ్రాముల నీరుంటే, అంతే ద్రాక్షలో సుమారు 81 గ్రాములుంటుంది. నూటికి పది గ్రాముల తేడాతో ఒకటి పండుగా, మరొకటి రాయిగా మారవు. అసలు సంగతి నీటిలో లేదు, ఆ నీటిలో కరిగిన చక్కెర అణువుల సంఖ్యలో ఉంది.

చిన్నప్పుడు పుల్ల ఐసు తిన్నవారెవరికైనా దీని జవాబు నాలుకకు ముందే తెలుసు. నారింజ రంగు పుల్ల ఐసును గట్టిగా చప్పరిస్తే రంగూ తీపీ రెండూ నోటిలోకి వచ్చేసి, పుల్లకు తెల్లటి, చప్పటి మంచుగడ్డ మాత్రమే మిగులుతుంది. బండివాడు రంగూ చక్కెరా పైపైనే పూసి మోసం చేశాడని మేము అనుకునేవాళ్లం. అది నిజం కాదు. గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు ఆరు కోణాల అమరికలో ఒకదానితో ఒకటి చేతులు కలుపుకుంటాయి. ఆ అల్లికలో చక్కెర అణువుకు చోటు లేదు. అందువల్ల పెరుగుతున్న ప్రతి మంచు స్ఫటికమూ చక్కెరను పక్కకు నెడుతూ పోతుంది. నెట్టబడిన చక్కెర మిగిలిన నీటిలో చేరి దాన్ని చిక్కబరుస్తుంది, చిక్కబడిన కొద్దీ అది గడ్డకట్టడానికి ఇంకా ఎక్కువ చలి కావాలి, ఆ చలి అందితే మరికొంత నీరు మంచుగా మారి మిగిలిన పాకం మరింత చిక్కబడుతుంది. ఇలా సాగి, ఫ్రీజర్ ఇవ్వగల చలి ఎక్కడ ఆగిపోతుందో అక్కడ ఈ వ్యవహారమూ ఆగుతుంది. అప్పటికి మిగిలేది చప్పటి మంచు పలుకులూ, వాటి సందుల్లో గడ్డకట్టకుండా మిగిలిన చిక్కటి పాకమూ. పుల్ల ఐసును చప్పరించినప్పుడు మనం లాగేది ఆ సందుల్లోని పాకాన్నే.

మెరీనా ఎదుట ఉన్న, ఇప్పటికీ చాలామంది ఐస్ హౌస్ అనే పిలిచే వివేకానందర్ ఇల్లం 1842లో కట్టినప్పుడు, అమెరికాలోని మసాచుసెట్స్ చెరువుల మీద కోసిన మంచుగడ్డలను దాచేందుకే కట్టారు. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి ఆ మంచును రంపపు పొట్టులో కప్పి ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేయించాడు. చెరువు మంచు అంత తేటగా ఉండడంలోనూ ఇదే గుణం పని చేసింది: పెరిగే మంచు నీటిలోని ఉప్పులను తనలో చేర్చుకోక కిందికి నెట్టేస్తుంది.

ఈ నెట్టివేతకు లెక్క ఉంది. చార్లెస్ బ్లాగ్డెన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1788లోనే ద్రావణం ఎంత గాఢమైతే దాని ఘనీభవన స్థానం, అంటే గడ్డకట్టే ఉష్ణోగ్రత, అంతగా తగ్గుతుందని చూపించాడు. దాదాపు వందేళ్ల తరువాత, 1882లో, ఫ్రాన్స్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త రవూల్ దానికి ప్రాణం పోశాడు: ముఖ్యం కరిగిన పదార్థపు బరువు కాదు, అణువుల సంఖ్య. ఒక కిలో నీటిలో 180 గ్రాముల గ్లూకోజు కరిగితే ఘనీభవన స్థానం 1.86 డిగ్రీలు తగ్గుతుంది. అంతే తగ్గుదల మనం కాఫీలో వేసుకునే చక్కెరతో, అంటే సుక్రోజుతో, రావాలంటే 342 గ్రాములు కావాలి, ఎందుకంటే సుక్రోజు అణువు దాదాపు రెట్టింపు బరువైనది. ఇంటర్మీడియెట్‌లో కణాధార ధర్మాల పేరుతో పిల్లలు ఈ 1.86ను కంఠస్థం చేస్తారు, లెక్క తప్పకుండా చేస్తారు కూడా; కానీ ఆ అంకెకూ తాము రోజూ తినే పండుకూ సంబంధముందని వారికి చెప్పేవారు తక్కువ. ఒక్క పుల్ల ఐసును తరగతిలోకి తెచ్చి ఇద్దరు పిల్లల చేత చప్పరింపజేస్తే, ఆ పాఠం వారికి జన్మలో మరుపు రాదని నా నమ్మకం.

ఇప్పుడు ఆ అంకెతో ద్రాక్షను చూద్దాం. 100 గ్రాముల ద్రాక్షలో సుమారు 16 గ్రాముల చక్కెరలున్నాయి. అవి దాదాపు అన్నీ తేలికపాటి గ్లూకోజు, ఫ్రక్టోజులే. 81 గ్రాముల నీటిలో అవి కరిగి ఉంటే, గడ్డకట్టడం మైనస్ 2 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలు ఇస్తుంది. ఆ చలిలోనూ ద్రవంగా నిలవాలంటే ప్రతి గ్రాము నీటికీ సుమారు 1.7 గ్రాముల చక్కెర తోడుండాలి. అంటే 16 గ్రాముల చక్కెర కనీసం 9 గ్రాముల నీటిని మంచు కాకుండా కాపాడుతుంది. పాకం చిక్కబడిన కొద్దీ చక్కెర నీటిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి వాస్తవంలో ఇది మరికొంత ఎక్కువే. చక్కెరా నీరూ కలిపి 25 గ్రాముల పాకం, 72 గ్రాముల మంచు: ఇదీ ఫ్రీజర్‌లోని ద్రాక్ష. పుచ్చకాయలో చక్కెర 6 గ్రాములే. అదే లెక్కన అది మూడున్నర గ్రాముల నీటినే కాపాడగలదు. తొమ్మిదిన్నర గ్రాముల పాకం, దాదాపు 88 గ్రాముల మంచు. పాకంలో వేసిన పటికబెల్లం పలుకులను ఊహించుకోండి: పాకం ధారాళంగా ఉంటే గరిటె దిగుతుంది, పలుకులు జరిగి దారి ఇస్తాయి, పాకం అడుగంటితే పలుకులు ఒకదానికొకటి అతుక్కుని గరిటెను అడ్డగిస్తాయి. పన్ను చేసే పనీ అదే.

మామిడి మధ్యలో నిలవడం నాకు మరింత ముచ్చట కలిగించిన విషయం. నాలుకకు మామిడి ద్రాక్షంత తీపిగానే ఉంటుంది, చక్కెర బరువులోనూ పెద్ద తేడా లేదు. కానీ మామిడిలోని చక్కెరలో ఎక్కువ భాగం సుక్రోజు. బరువు అంతే అయినా అణువుల సంఖ్య తక్కువ. కనుక తీపి సమానమైనా చలికి ఎదురు నిలిచే శక్తి సమానం కాదు. ఐస్‌క్రీమ్ తయారుచేసేవారు మామూలు చక్కెరలో కొంత తగ్గించి గ్లూకోజు కలపడానికి ఒక కారణం ఇదే.

అరటిపండుది ఇంతకన్నా గొప్ప కథ. పచ్చి అరటిలో నూటికి ఇరవై వంతుల దాకా పిండి పదార్థముంటుంది. ఒక్కొక్క పిండి అణువు వేల గ్లూకోజు పూసలు గుచ్చిన దండ. అయినా రవూల్ లెక్కలో దండకు విలువ ఒకటే. పండు మాగుతున్నప్పుడు ఎంజైములు ఆ దండలను తెంపుతాయి, పూసలు విడిపోతాయి, బరువు మారకుండానే అణువుల సంఖ్య వేల రెట్లు పెరుగుతుంది. అందుకే కోయంబేడు మార్కెట్ నుంచి తెచ్చిన పండు ఇంకా పచ్చిదనం ఉండగా ఫ్రీజర్‌లో పెడితే కట్టెలా బిగుస్తుంది, తొక్క మీద నల్లచుక్కలు పడ్డాక పెడితే మీగడలా తెగుతుంది. ఇక్కడివారు పూవన్ అనే మన కర్పూర చక్కెరకేళి అయినా, రస్తాళి అనే మన అమృతపాణి అయినా, చుక్కలు పడేదాకా ఓపిక పట్టాలి.

ఇక చాక్లెట్ సంగతి. కరిగించడం గురించి చెప్పాల్సింది ఒక్కటే: వేడినీళ్ల గిన్నె మీద మరో గిన్నె పెట్టి కరిగించాలి, పై గిన్నెలో ఒక్క నీటి చుక్క కూడా పడకూడదు. చాక్లెట్ అంటే కొవ్వులో తేలే అతి సన్నని చక్కెర, కోకో రేణువులు. చుక్క నీరు పడితే రేణువుల మీది చక్కెర జిగురై అవి ముద్ద కడతాయి.

పెంకు ఊడి రావడానికి కారణం పుచ్చకాయ కోత ముఖం. అక్కడ ఊరిన రసం గడ్డకట్టి, దానిపై గాలిలోని తేమ పొరలా పేరుకుంటుంది. వెచ్చటి చాక్లెట్ తగలగానే ఆ పొర కరిగి, మరుక్షణం తిరిగి గడ్డకడుతుంది. మంచుకూ కొవ్వుకూ పొసగదు. ద్రాక్షకు రసం బయటికి రానివ్వని తొక్క ఉంది, పైగా చాక్లెట్ దాన్ని అన్ని వైపులా చుట్టేస్తుంది కాబట్టి జారిపోవడానికి దారి లేదు. ముక్కలను పొడిగుడ్డ మీద ఆరబెట్టి ఆ తరువాతే ఫ్రీజర్‌లో పెట్టడం, ముంచే ముందు పైపొరను తుడవడం, సగం కాక పూర్తిగా ముంచడం: ఈ మూడింటితో టోపీ నిలుస్తుంది.

చాక్లెట్‌లో రెండు పెద్ద చెంచాల కొబ్బరి నూనె కలపమని చాలామంది చెబుతారు, ఎందుకో చెప్పరు. కోకో కొవ్వు ఆరు రకాల స్ఫటికాలుగా గట్టిపడగలదు. అన్నిటికన్నా బలహీనమైనది సుమారు 17 డిగ్రీల దగ్గర కరిగితే, కొట్లో కొన్న చాక్లెట్‌లో ఉండే అయిదవ రకం సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గడ్డకట్టిన పండు తాకగానే చాక్లెట్ క్షణాల్లో బిగుస్తుంది కనుక అయిదవ రకం ఏర్పడే వ్యవధి ఉండదు, బలహీన రకాలే ఏర్పడతాయి. మిఠాయి పనివారి దృష్టిలో ఇది లోపం, మనకు మాత్రం మేలు. ఎందుకంటే చల్లటి పండు నోటిని చల్లబరుస్తున్నప్పుడు 34 డిగ్రీల చాక్లెట్ మైనపు ముక్కలా నాలుక మీద ఉండిపోతుంది. 24 డిగ్రీల దగ్గరే కరిగే కొబ్బరి నూనె ఈ మేలును ఇంకొంచెం పెంచుతుంది, పూతను పలచన చేస్తుంది, ఫ్రీజర్ చలిలో తానూ గట్టిపడి పెంకును ఠక్కున విరిగేలా చేస్తుంది. 200 గ్రాముల చాక్లెట్‌కు 25 గ్రాముల నూనె చాలు. గోదావరి జిల్లాల్లో కోకో చెట్లను కొబ్బరి తోటల నీడలో అంతరపంటగా పెంచుతారు; ఒకే తోటలో పెరిగిన రెండు చెట్ల కొవ్వులు వంటింట్లో ఇలా కలుసుకోవడం నాకెంతో సంతోషం కలిగిస్తుంది.

చెన్నైలో ఈ తినుబండారాన్ని బల్ల మీద పెట్టి కబుర్లు చెప్పుకునే వీలు లేదు. మే నెల సాయంత్రం ఇక్కడి గాలిలో ఎంత తేమ ఉంటుందంటే, 25 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ వస్తువుకైనా చెమట పడుతుంది. ఒక గ్రాము ఆవిరి నీరుగా మారితే సుమారు 2,450 జౌళ్ల వేడి వెలువడుతుంది. ఒక గ్రాము మంచు కరగడానికి 334 జౌళ్లే చాలు. అంటే పండు మీద పేరుకునే ప్రతి గ్రాము నీరూ లోపలి ఏడు గ్రాముల మంచును కరిగించగలదు. థర్మామీటరు ఒకే అంకె చూపినా, కర్నూలు పొడిగాలిలో కన్నా చెన్నై గాలిలో ఇది త్వరగా కరిగేది ఇందుకే. చెమట పట్టినదాన్ని తిరిగి ఫ్రీజర్‌లో పెడితే చాక్లెట్‌లోని చక్కెర ఆ తడిలో కరిగి, తరువాత తెల్లటి మచ్చలుగా తేలుతుంది. అది బూజు కాదు, పారేయనక్కర్లేదు.

చల్లటి ద్రాక్ష తింటే రొంప పడుతుందని ఇళ్లలో పెద్దలు పిల్లల చేతుల్లోంచి లాక్కుంటారు. రొంప వైరస్‌ల వల్ల వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. పండు చలికీ దానికీ సంబంధం లేదు. నిజంగా భయపడవలసింది వేరొకటుంది: అయిదేళ్లలోపు పిల్లలకు గుండ్రటి ద్రాక్ష, అందులోనూ గడ్డకట్టినది, గొంతులో అడ్డుపడే ప్రమాదముంది, కాబట్టి వారికి నిలువుగా నాలుగు చీలికలు చేసి, కాస్త మెత్తబడ్డాకే ఇవ్వాలి. ఫ్రీజర్ క్రిములను చంపదు, నిద్రపుచ్చుతుంది. పండ్లను ముందే బాగా కడగాలి.

పుచ్చకాయను ద్రాక్షలా కొరుకుడు పడేలా చేయవచ్చా అని ఆ గృహిణి చివర్లో అడిగారు. చేయవచ్చు, లెక్క మన చేతిలోనే ఉంది. కొరత పది గ్రాముల చక్కెర, అదీ తేలికపాటి అణువులది. తేనెలో నూటికి ఎనభై వంతులు చక్కెరలే, వాటిలో అత్యధిక భాగం గ్లూకోజు, ఫ్రక్టోజులు. తేనె ఇంటి ఫ్రీజర్‌లో ఎన్నాళ్లున్నా మంచుగడ్డ కాకపోవడానికి కారణమూ అదే. గింజలు తీసిన 100 గ్రాముల పుచ్చకాయ గుజ్జుకు 12 గ్రాముల తేనె చొప్పున కలిపి, పుల్ల ఐసు అచ్చుల్లో పోసి రాత్రంతా ఉంచాలి. ఏడాది నిండని పసిపాపలకు మాత్రం తేనె పెట్టకూడదు. చలి నాలుకకు తీపిని తగ్గించి చూపుతుంది కాబట్టి ఇంత తేనె పడినా వెగటు అనిపించదు. మరునాడు అచ్చు నుంచి తీసి, పైపొరను పొడిగుడ్డతో తుడిచి, గోరువెచ్చని చాక్లెట్‌లో పుల్ల దాకా ముంచి, పది నిమిషాలు మళ్లీ ఫ్రీజర్‌లో ఉంచి పిల్లల చేతికివ్వాలి.